మాటల పుట్టినిండ్లు
(పాచిపెంట గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున మాటలాడుటకు విషయమును దూరముగా పోయి వెదకనక్కరలేదు. ఈ బీరువాలనిండ నున్నవి మాటలే. కథయైనను, కావ్యమైనను, శాస్త్రమైనను మాటల కూర్పే. ధాన్యము కొలుచువాడు కుంచమును ఒకసారి బోర్లించి చూచినట్లు, చదువరి కూడ అప్పుడప్పుడు మాటను తిరుగవేసి చూడవలయును. ఇది ఎచ్చట పుట్టినది, ఎవరి నోట పెరిగినది, ఈ ఊరికి ఏ దారిని వచ్చినది అని అడుగవలయును. అట్లడిగినవానికి కలుగు సంతోషము చిన్నది కాదు. దానికి పైకము అక్కరలేదు, పట్టణవాసమును అక్కరలేదు. అయితే ఆ సంతోషము వెంట ఒక బాధ్యత కూడ నడచి వచ్చును. నేటి ప్రసంగము ఆ రెంటిని గూర్చినది.

గ్రంథాలయము అను మాటనే మొదట చూడుడు. ఆలయమనగా ఇల్లు. గ్రంథ శబ్దమునకు మూలమైన ధాతువునకు కట్టుట, కూర్చుట అని అర్థము. తాటియాకులకు చిల్లు పొడిచి, త్రాట గ్రుచ్చి, రెండు పలకల నడుమ బిగించిన కట్టయే నాటి గ్రంథము. అచ్చు పుస్తకము వచ్చిన తరువాత ఆ త్రాడు పోయినది. కట్టిన జ్ఞాపకము మాత్రము మాటలో మిగిలినది. పత్రమనగా ఆకు, పత్రిక దాని బిడ్డ. ఇంగ్లీషువారు గ్రంథాలయమును లైబ్రరీ యందురు. అది లాటిను భాషలోని లిబెర్ అను శబ్దమునుండి వచ్చినది. దానికి చెట్టు లోపలి పట్ట అని తొలి యర్థము. పిమ్మట పుస్తకమను అర్థము కలిగినది. ఇక్కడ ఆకు, అక్కడ పట్ట. చదువునకు రెండు చోటులను చెట్టే ఆధారమైనది.

పురాణము వినువారికి భారతము పర్వములుగను, రామాయణము కాండములుగను, భాగవతము స్కంధములుగను ఉన్న సంగతి తెలిసినదే. పర్వమనగా వెదురునకు, చెరకునకు ఉండు కణుపు. కాండమనగా కణుపునకును కణుపునకును నడుమనుండు కాడ. స్కంధమనగా చెట్టు బోదె. పెద్ద గ్రంథమును భాగించవలసి వచ్చినపుడు పూర్వులు అడవివైపు చూచి పేర్లు తెచ్చుకొనిరి. కొండమీద వెదురు కొట్టి తట్టలల్లువాడు భారతము చదివియుండకపోవచ్చును. కాని పర్వమనగా నేమో వాని కత్తికి తెలియును. పండితుడు నిఘంటువులో వెదకు అర్థము అతని చేతిలోనే యున్నది. ఈ మాటను మనసున నుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

తెలుగు వ్యాకర్తలు మాటలను తత్సమములు, తద్భవములు, దేశ్యములు, గ్రామ్యములు అని నాలుగు తెగలు చేసిరి. 1858లో వెలువడిన చిన్నయసూరిగారి బాలవ్యాకరణమునందును ఈ విభాగమే కలదు. సంస్కృతమునుండి ఉన్నదున్నట్లు వచ్చినది తత్సమము. విద్య, గ్రామము అట్టివి. దారిలో నలిగి రూపు మారినది తద్భవము. యాత్ర జాతరయైనది, ప్రయాణము పయనమైనది, భక్తి బత్తియైనది. కాలినడకన వచ్చినవాని పాదములకు దుమ్మంటినట్లు, ఈ మాటలకు తెలుగునేల అంటుకొన్నది. ఊరు, ఇల్లు, చెట్టు, కన్ను మొదలగునవి దేశ్యములు. అవి ఇంటి బిడ్డలు. నాలుగవదియైన గ్రామ్యమును మాత్రము శాస్త్రము వాకిట నిలిపినది. లక్షణమునకు లొంగని వాడుకమాట గ్రామ్యము. అది కావ్యమునకు తగదని తీర్పు. ఆ తీర్పు వలన నిఘంటువులకు ఎక్కకుండ పోయిన మాటలు అపారము.

ఇక శాస్త్రకారులు లెక్కకు తీసికొననివి, ఊరి లెక్కలలో నిండియున్నవి మరియొక జాతి మాటలు కలవు. జమీను అనగా పారసీకమున భూమి. దారు అనగా కలవాడు. భూమి కలవాడు జమీందారు. పాచిపెంట ఒకప్పుడు జమీందారీయే. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీలు పోయినవి, మాట పోలేదు. మునసబు అనునది అరబ్బీ మాట. న్యాయము చేయువాడని అర్థము. సగము అను అర్థము గల ధాతువునుండి అది పుట్టినది. ఉభయులకును చెరిసగముగా పంచువాడే న్యాయము తప్పనివాడు గదా! కిస్తు అనగా భాగము. రశీదు అనునది పారసీక క్రియారూపము. చేరినది, ముట్టినది అని దాని యర్థము. నేటికిని పైకము పుచ్చుకొన్నవాడు ముట్టినది అనియే వ్రాసి యిచ్చుచున్నాడు. ఒకే మాటను రెండు భాషలలో రెండుసారులు చెప్పుచున్నానని వాడెరుగడు.

రైతు అను మాట వీనియన్నింటిలో తలపోయదగినది. అరబ్బీలో రయ్యతు అనగా మొదట మేపబడు మంద. తరువాత రాజు ఏలుబడిలోని ప్రజ. హిందూస్థానమునకు వచ్చునప్పటికి పన్ను కట్టు సేద్యగాడు. పాలకుడు కాపరి, ప్రజ మంద అని ఎవ్వరో ఎప్పుడో తలచిన తలపు ఈ రెండక్షరములలో దాగియున్నది. మందను కాపరి మేపును. రైతు సంగతి అట్లుకాదు. కాపరిని కూడ అతడే మేపుచున్నాడు. మాట అర్థము తలక్రిందులైనను పేరు మాత్రము నిలిచినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించి ఊరకుండక, తెలుగున చేరిన ఇట్టి అన్యదేశ్యములకై 1854లో వేరుగా మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. కచ్చేరీ కాగితములు సామాన్యులకు తెలియవలెనన్న ఈ మాటలు తెలియవలయునని ఆయన గుర్తించెను.

1984లో ఆంధ్రప్రదేశమున వంశపారంపర్యపు కరణీకములు, మునసబీలు రద్దయినవి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. తాలూకా అరబ్బీ, మండలము సంస్కృతము. ఒకటి అంటియుండునది, రెండవది చుట్టుకొనియుండునది. తహశీల్దారు పేరు కొంతకాలము మరుగుపడి మరల వచ్చినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఈ ప్రాంతము పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. మన్యమనగా కొండనేల, మాన్యమనగా పన్ను లేకుండ ఇచ్చిన భూమి. ఒక్క దీర్ఘము చేరినంత మాత్రమున లెక్కలు తారుమారగును. కనుక మాటలను ప్రేమించువాడు దీర్ఘమును హ్రస్వమును కూడ ప్రేమింపవలయును. ప్రభుత్వములు పేర్లు మార్చుచుండును. జనము నోటనున్న మాట తన యిష్టమువచ్చినపుడే కదలును.

మాటలు ఒకవైపునుండియే రావు, ఇచ్చటినుండియు పోవును. ఈ కొండలలో దొరకు పిప్పలి సంతకు దిగుట అందరును చూచినదే. ఆ పిప్పలి శబ్దమే సరకుతోపాటు పడమటికి పోయి గ్రీకులో పెపెరి, లాటినులో పిపెర్, ఇంగ్లీషులో పెప్పర్ అయినది. వింత యేమన, నేడు ఇంగ్లీషున పెప్పర్ అన్నచో పిప్పలి కాదు, మిరియము. పేరు ఒకదానిది, స్థానము మరొకదానిది. తెలుగున కూడ ఇట్టిదే జరిగినది. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు అమెరికా ఖండపు కారపు కాయను ఈ దేశమునకు తెచ్చిరి. అంతకు పూర్వము ఇచ్చట కారమన్నచో మిరియమే. క్రొత్త కాయకు ప్రాత కారము పేరును సాగదీసి మిరపకాయ అనిరి. బొత్తాము, తువ్వాలు, మేస్త్రి అను మాటలను కూడ ఆ పోర్చుగీసువారే వదలి పోయిరి.

అల్లము కథ మరింత రుచిగలది. తమిళమున దానికి ఇంజి అని పేరు. ఇంజివేరు అను దక్షిణదేశపు మాట సంస్కృతమున శృంగబేరమై, గ్రీకులో జింగిబెరిస్ అయి, ఇంగ్లీషున జింజర్ అయినదని భాషావేత్తలు నిర్ణయించిరి. జింజర్ అను మాట చివర నున్నది తెలుగువాడు నిత్యము పలుకు వేరే. ఇక పందికొక్కు మహిమ వినుడు. గాదె క్రింద కలుగు త్రవ్వి ధాన్యము దోచు ఈ పందికొక్కు, ఇంగ్లీషు నిఘంటువులో బండికూట్ అను పేరుతో దర్జాగా కూర్చున్నది. అది అచ్చముగా తెలుగు మాటయే. ఆస్ట్రేలియా ఖండములోని వేరొక జంతువునకు కూడ ఆ పేరే పెట్టిరి. కావ్యములలోని గంభీర శబ్దములు దాటలేని సముద్రమును గాదె క్రిందిది దాటిపోయినది.

ఇంతవరకు చెప్పినది సంతోషము. ఇక జాగ్రత్త. మాటకు పుట్టినిల్లు వెదకువానికి పెద్ద శత్రువు ధ్వనిసామ్యము. రెండు మాటలు ఒక తీరుగ వినబడినంత మాత్రమున అవి చుట్టములు కావు. వేరుగ వినబడినంత మాత్రమున పరాయివి కావు. తెలుగున చెవి, కన్నడమున కివి. తెలుగున చెరువు, కన్నడమున కెరె. తెలుగున చెడు, కన్నడమున కెడు. ఇవి ఒక్కటొక్కటిగ చూచినచో సందేహము కలుగును. వరుసగ పేర్చినచో నియమము కనబడును. ఇ, ఎ అను అచ్చులకు ముందున్న పూర్వపు కకారము తెలుగున చకారమైనది. అకారమునకు ముందు మారలేదు. కావుననే కన్నడమున కణ్ణు, తెలుగున కన్ను. లెక్కలో ఒక అంకె సరిపోయిన చాలదు. పుట అంతయు కూడినపుడు సరిపోవలయును. మాటల లెక్కయు అట్టిదే.

ఈ ఊరి పేరునే తీసికొనుడు. పట్టణములకు చదువుకొన పోయిన పిల్లలు తమ ఊరి పేరు చెప్పుటకు సిగ్గుపడుదురు. పాచి యనిన చద్దిది, పెంట యనిన చెత్తకుప్ప యని తోడివారు నవ్వుదురు. నవ్వువారికి సగము నిఘంటువే తెలియును. నల్లమల అడవులలో చెంచువారి పల్లెలకు నేటికిని పెంటలనియే పేరు. గోదావరి మండలములో పెంటపాడు కలదు. ఊరి పేర్లలో పెంట యనగా జనము గుడిసెలు వేసికొని నిలిచిన చోటు. జనమును పసులును నిలిచినచోట ఎరువు ప్రోగుపడును. ఎరువు పడినచోట పంట పండును. సేద్యగాని కన్నులకు పెంట అసహ్యము కాదు, ఐశ్వర్యము. పాచి యనుదానికి నాచు అనియు, చద్దిది అనియు అర్థములు చెప్పి కథలల్లుట సులభమే. కాని ప్రాత శాసనమో, రికార్డో చూపక అల్లిన కథకు విలువ లేదు. పేరును చూచి నవ్వుటయు, పేరునకు లేని గొప్పను అంటగట్టుటయు రెండును తెలివి కాదు.

ఇప్పుడు నీటికడకు వత్తము. పాచిపెంట కొండల పాదమున నున్నది. సాలూరునుండి వచ్చిన బాట ఈ ఊరి ప్రక్కగా సుంకి ఘాటు ఎక్కి కోరాపుట్టునకు పోవును. కావున ఈ ప్రాంతపు సంతలలో ఒక్క భాష వినబడదు. దాహమైనవాడు తెలుగున నీరు అడుగును. ఒడియా మాటలాడువాడు పాణి అడుగును. కొండదొరల స్వభాషయైన కూబిలో నీటికి ఏరు అని పేరు. సీతంపేట వైపు సవరలు డా వంటి ధ్వనితో నీటిని పిలుతురు. కుండ ఒకటి, దాహము ఒకటి, పేర్లు నాలుగు.

ఈ నాలుగు పేర్లును నాలుగు చరిత్రలు. పాణి సంస్కృతపు పానీయమునుండి వచ్చినది. త్రాగదగినది అని అర్థము. శ్రీరామనవమినాటి పానకము దాని చెల్లెలు. నీరు ద్రావిడ భాషలకు సొంతమైన మాట. సంస్కృతమునందలి నీర శబ్దము కూడ ద్రావిడమునుండియే పోయినదని పండితులలో పలువురి అభిప్రాయము. సవరల మాట ఈ రెండు కుటుంబములకును చెందదు. సవర భాష ముండా శాఖకు చెందినది. కాంబోడియా దేశపు ఖ్మేరు భాషకు అది దూరపు చుట్టము. ఇక కొండదొరల ఏరు చూడుడు. తెలుగున ఏరు అనగా పారు ప్రవాహము. గోండులు యేర్ అన్నను, కువి మాటలాడు ఖోందులు ఏయు అన్నను, కొండదొరలు ఏరు అన్నను త్రాగు నీరే. తెలుగువాడు ప్రవాహమునకు ఉంచుకొన్న పేరును కొండవాడు కుండలోని నీటికి ఉంచుకొనెను. కొండమీద ఏటి నీరే త్రాగు నీరు గదా! తెలుగువాడు ఏరు దాటుచున్నానని అనుకొన్నప్పుడెల్ల, తెలియకయే కొండవాని మాట పలుకుచున్నాడు.

మరియొక మాట. తమిళమున చెట్టును మరమందురు. తెలుగు కావ్యములలో మ్రాను, వాడుకలో మాను. మొదటి అచ్చు జారి రెండక్షరములు కలిసి మ్రాను అయినది. పిమ్మట రకారము కూడ జారి మాను అయినది. కొండదొరలు మాత్రము చెట్టును మరన్ అనుచున్నారు. అనగా తెలుగున వేయేండ్లకు పైగా మరుగుపడిన తీరు కొండమీద చెక్కుచెదరక నిలిచియున్నది. చేయి అను మాటకు వారు కియు అందురు. తెలుగున చకారముగా మారిన కకారము అచ్చట ఉన్నదున్నట్లున్నది. ఈ మాటలను మోటవనువారు ఒక్క క్షణము ఆలోచింపవలయును. తెలుగు తల్లి బాల్యపు రూపము చూడగోరువారికి కొండమీది ఇండ్లలో పటము దొరకును.

ఈ సంగతులు ఊరక తెలియలేదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతమున కొండదొరలతో కూర్చుండి, వారి నోటి మాటలను వ్రాసికొని, కూబి భాషకు వ్యాకరణమును, పదపట్టికను సమకూర్చిరి. ఆ గ్రంథము 1969లో వెలువడినది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున బర్రో, కాలిఫోర్నియాలో ఎమెనో అను పండితులిద్దరు కలిసి ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువును 1961లో ప్రకటించిరి. 1984లో దానిని పెంచి మరల ప్రకటించిరి. అందు తమిళ, తెలుగు మహాకావ్యముల మాటల సరసనే సాలూరు ప్రాంతపు గదబల మాటలకును చోటు దొరకినది. సంతలో పిప్పళ్ళబుట్ట దించుకొని కూర్చున్నవాని మాటకు ఆక్స్‌ఫర్డులో పీట వేసిరి. సొంత ఊరి గ్రంథాలయమున వేయకుండుట న్యాయమా?

ఇట్టి పనికి తెలుగుదేశమున దారి చూపిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ సమీపమున పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండగా, కొండలనుండి దిగివచ్చు సవరల మాటలు వారి చెవినబడినవి. ఆ మాటలకు లిపి లేదు, నిఘంటువు లేదు, నేర్పు గురువు లేడు. తెలుగు తెలిసిన యొక సవరను ఇంటనుంచుకొని, అతనిని గురువుగ భావించి, ఏండ్ల తరబడి నేర్చిరి. ఆ కాలమున ఒక అయ్యవారు సవరను ఇంటనుంచుకొని శుశ్రూష చేయుటయన్న సామాన్యము కాదు. సవర పిల్లలకై పుస్తకములు వ్రాసిరి. సొంత ఖర్చుతో బడులు పెట్టించిరి. 1931లో సవర భాషా వ్యాకరణము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. మన్యపు జ్వరములకు సేవించిన క్వినైను వలన వారి వినికిడి చెడినది. మాట వినుటయే మహాభాగ్యమని తలచినవాడు, ఆ వినుటకే చెవులను వెలగా చెల్లించెను. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా రాజమహేంద్రవరమునకు తరలిపోయి, 1940 జనవరి 22న పరమపదించిరి.

వ్యావహారిక భాషకై పోరాడిన వీరుడని పంతులుగారిని లోకము కీర్తించుచున్నది. వారి జన్మదినమున తెలుగు భాషా దినోత్సవము జరుగుచున్నది. గ్రాంథికమును విడువలేనివారు కూడ ఆ పేరు విన్నంతనే చేతులు జోడింతురు. కాని ఆ రెండు కృషులకును మూలము ఒక్కటే యని గుర్తింపవలయును. చదువుకొనని సవర నోటి మాటకు నియమమున్నదని, అందమున్నదని తెలిసికొన్నవాడు, తెలుగు కాపు నోటి మాటను గ్రామ్యమని ఎట్లు త్రోసివేయగలడు? వాకిట నిలబెట్టిన నాలుగవ తెగను చేయిపట్టి లోనికి తెచ్చుటకు ఆయనకు ధైర్యమిచ్చినది కొండమాటయే.

ఆ దారిలో మరికొందరు నడచిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటమును వెలువరించినది. అది వ్యవసాయ పదములకు సంబంధించినది. జిల్లాలు తిరిగి రైతులను అడిగి చేర్చిన మాటలు అందున్నవి. తరువాతి సంపుటము చేనేత మాటలది. ఇరువదియొకటవ శతాబ్దపు మొదటి దశకమున సవర, కొండ, కువి మొదలగు భాషలలో తెలుగు లిపితో పిల్లల వాచకములు సిద్ధమైనవి. ఇవి యన్నియు మంచి పనులు. అయినను పుస్తకమునకు ఎక్కిన మాటలకంటె ఎక్కవలసిన మాటలే ఎక్కువ.

ఎందువలన త్వరపడవలయునో వినుడు. మాట ఒక్కసారిగా చావదు. మొదట పిల్లలు అది బడిలో పలుకుటకు సిగ్గుపడుదురు. తరువాత తల్లి దానిని ఇంట పలుకుట మానును. ముసలమ్మ మాత్రము పసువులతోను, పొయ్యితోను పలుకుచుండును. ఆమె పోయిననాడు మాట కూడ పోవును. ఆ దినమున ఎవ్వరును దానికి దినవారములు చేయరు. కొండదొరలలో అనేకుల యిండ్లలో నేడు తెలుగే పలుకుబడియైనది. తెలుగు నేర్చుట మేలే. ఉద్యోగమునకు, వ్యవహారమునకు అది కావలయును. కాని ఒక మాట వచ్చుటకు మరియొక మాట పోనక్కరలేదు. గాదెలో వడ్లు పోయుటకు చోళ్ళను పారబోయువాడు సేద్యగాడు కాడు.

కొండమాటలే కాదు, పల్లపు మాటలు కూడ జారుచున్నవి. కొండవాగును ఈ సీమవారు గెడ్డ యందురు. పెద్దగెడ్డ జలాశయము ఆ మాటను పేరున మోయుచున్నది. ఎరువును గత్తమందురు, ఏడాదికి కుదిరిన పాలేరును కంబారి యందురు, పిల్లవానిని గుంటడందురు. పట్టణపు పుస్తకములలో ఈ మాటలు కానరాకపోవుట చూచి, ఇవి తప్పులని పిల్లలు భ్రమపడుచున్నారు. తప్పు మాటది కాదు, వ్రాయనివారిది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక విన్నపము. అంగడిలో చిట్టా యుండును. ఏనాటి లావాదేవీ ఆనాడే అందు పడును. అట్లే ఈ గ్రంథాలయపు బల్లమీద పదముల చిట్టా ఒకటి ఉంచవలయును. దానికి పెద్ద పైకమక్కరలేదు. గట్టి అట్ట గల పుస్తకము, దారముతో కట్టిన కలము చాలును. అడంగలులో వలె గళ్ళు గీయుడు. మొదటి గడిలో మాట. రెండవ గడిలో అర్థము. మూడవ గడిలో ఏ ఊర, ఏ గూడెమున వినబడినది. నాలుగవ గడిలో ఆ మాట వచ్చిన వాక్యము. ఐదవ గడిలో తేదీ. విన్నది విన్నట్లు వ్రాయుడు, సవరింపకుడు. కూబి, గదబ, సవర, ఒడియా, తెలుగు అను భేదము పాటింపకుడు. ఏ భాషదో మాత్రము తప్పక వ్రాయుడు. చెప్పినవారి యనుమతి గొనుడు. వ్రాయనేరని పెద్దలు చెప్పగా పిల్లలు వ్రాయుడు. అప్పుడు చదువు రాని అవ్వ గురువగును. ఐదవ తరగతి మనుమడు లేఖకుడగును. నెలకొకసారి ఆ మాటలను చదివి, పెద్దలు విని, ఔననియో కాదనియో చెప్పవలయును.

ఒకటి మరువరాదు. ఈ పని కొండవారికి చేయు ఉపకారము కాదు. వెదురు కణుపును చూడనివానికి పర్వమను మాట అర్థము కానట్లే, కొండవాని మాట విననివానికి సొంత తెలుగు సగమే తెలియును. ఇచ్చువారు వారు, పుచ్చుకొనువారు పల్లపువారు. పుచ్చుకొన్నదానికి రశీదు వ్రాసి యిచ్చుట ధర్మము. ఆ చిట్టాయే ఆ రశీదు.

ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము దూరదేశపు మాటలను ఈ ఊరికి తెచ్చి పెట్టినది. ఇకమీద ఈ ఊరి మాటలను దూరదేశములకు పంపునట్టి పుస్తకము ఈ బల్లమీదనే తయారగును గాక. స్వర్ణోత్సవమునాటికి ఆ చిట్టా అచ్చుపడి బీరువాలో నిలిచియుండును గాక. గూడెమునుండి దిగివచ్చిన పిల్లవాడు దానిని తెరచి, తన అవ్వ పలికిన మాటను అచ్చక్షరములలో చూచుకొని, తలయెత్తుకొని ఘాటు ఎక్కిపోవును గాక.